తడిసిన అగ్గిపుల్లలకు తలస్నానం

అమెరికాలో నలుగురు మగాళ్ళు తమ పడుచుదనమంతా ధారపోసి చేసిన పాటల్ని, నేను మస్కట్‌లో ఒక మధ్యాహ్నం పూట గిన్నెలు తోమే సబ్బుతో కడిగేశాను. మాట వరసకు అనడం లేదు. నిజంగానే కడిగాను. నురగ వచ్చేదాకా కడిగాను, మూడు నీళ్ళలో జాడించాను, బట్టల తీగ మీద ఆరేశాను. ఇంత పెద్ద పని చేసినవాణ్ణి ఇంకా ఒమాన్‌లోనే ఎలా ఉంచారని మీకు అనుమానం రావచ్చు. నాకూ అప్పుడప్పుడు వస్తుంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మొదట్లో ఇబ్రిలో సైట్ పని చేసి, తర్వాత లైసెన్స్ సంపాదించుకుని, మస్కట్‌లోని అజైబాలో ఒక ఒమానీ ఇంట్లో డ్రైవర్‌గా చేరాను. కొత్త డ్రైవర్‌కు ఒక జబ్బు ఉంటుంది. స్టీరింగ్ చేతికి వచ్చిన రోజు నుంచీ బండిలో ఉన్న ప్రతి మరకూ తనకే అర్థమవుతుందనుకుంటాడు. నాకు ఆ జబ్బు ముదిరిపోయి ఉండేది. పొద్దున బండి స్టార్ట్ చేసి, డాక్టరు రోగి గుండె విన్నట్టు బానెట్‌కు చెవి ఆనించి వినేవాణ్ణి. ఏం వినిపించేదో నాకే తెలియదు. తల మాత్రం గంభీరంగా ఊపేవాణ్ణి.

మా అర్బాబ్, అంటే యజమాని, హమద్ గారు. నెమ్మదస్తుడు. వంటగదిలో ఉప్పు కావాలన్నా ‘శ్రమ అనుకోకపోతే’ అని అడిగే మనిషి. వయసులో ఉన్నప్పుడు అమెరికాలో చదువుకున్నారు. అక్కడ కాలేజీ పక్క చిన్న హాల్లో వారం వారం పాడే ఒక బృందం అంటే ఆయనకు ప్రాణం. దాని పేరు ‘డ్యాంప్ మ్యాచెస్’. అంటే తడిసిన అగ్గిపుల్లలు. పేరు వినగానే వీళ్ళు వెలిగే రకం కాదని నాకు అర్థమైంది.

వాళ్ళు మొత్తం చేసినవి ఐదు సీడీలు. ఐదూ మా అర్బాబ్ దగ్గర ఉన్నాయి. ఒక శుక్రవారం వాటిని బండిలోకి తెచ్చి, పసిపిల్లల్ని అప్పగించినట్టు ఒక్కొక్కటే నా చేతికిచ్చారు. మేం మాట్లాడుకునేది హిందీలోనే, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

“రాజేశ్, ఇది మొదటిది. ఏ కంపెనీ వేయలేదు. వాళ్ళే ఒక గ్యారేజీలో రికార్డు చేసి, చేత్తో కవర్లు అంటించి, హాలు గుమ్మంలో అమ్మారు. రెండోది కంపెనీ వేసింది. మూడోది అన్నిటికన్నా గొప్పది. నాలుగోది జనం ముందు పాడింది. ఐదోది విడిపోయే ముందు చేసింది.”

“విడిపోయిండ్రా అర్బాబ్?”

“పోయారు. కానీ బాస్ గిటార్ వాయించే బెన్ నా స్నేహితుడు. వచ్చే వారం మస్కట్ వస్తున్నాడు. విమానాశ్రయం నుంచి ఇంటికి ఇవి వింటూ రావాలి. బండి శుభ్రంగా ఉంచు. అన్నీ శుభ్రంగా ఉండాలి.”

‘అన్నీ’ అన్నారు. దయచేసి ఆ మాట గమనించండి. తర్వాత నా తరఫున వాదించడానికి నాకు మిగిలింది ఆ ఒక్క మాటే.

ఆయన పని మీద సలాలా వెళ్ళారు. నేను ఒక్కడినే బండి తీసుకుని, దారిలో మూడో సీడీ పెట్టాను. ఏమని చెప్పను! కంకర మిల్లులో ఎవరో పిల్లిని బంధించినట్టుంది. గర్ర్ర్ మని ఒకటే మోత. ఆ మోత లోపల ఎక్కడో ఒక మనిషి తలుపు తీయమని అరుస్తున్నాడు. సరేలే, గొప్పది అన్నారు కదా అని ఓర్చుకున్నాను. కాసేపటికి అంతా ఆగిపోయింది. ఆగిపోయిందంటే ఆగిపోయింది. చాలాసేపు చప్పుడు లేదు. హమ్మయ్య, అయిపోయిందనుకుని రౌండెబౌట్ మధ్యలోకి వచ్చానో లేదో, స్పీకర్‌లోంచి “యా...ఆ...ఆ!” అని ఒక గావుకేక! నేనూ కేక వేశాను. బ్రేక్ తొక్కాను. వెనక బండి వాడు హారన్ మీద పడుకున్నాడు. పాటల చివర ఖాళీ వదిలి, అక్కడ ఇంకో పాట దాచిపెట్టడం ఆ కాలం బృందాలకు సరదా అట. నాకేం తెలుసు? వైరింగ్ లూజైంది, అనుకున్నాను.

వెంటనే అర్బాబ్‌కు ఫోన్ చేశాను.

“అర్బాబ్, బండిల పాట పెడితే గర్రుమంటుంది. ఆగుతది, మళ్ళ ఒర్లుతది.”

ఆయన అటువైపు పకపకా నవ్వారు. “అది అంతే రాజేశ్! అది ఆల్టర్నేటివ్ రాక్!”

లైను తెగిపోయింది. అది వాళ్ళ సంగీతం రకం పేరని తర్వాతెప్పుడో తెలిసింది. నా చెవిన పడింది మాత్రం ‘ఆల్టర్నేటర్’. బ్యాటరీకి కరెంటు ఇచ్చే సామాను. అది చెడిపోతే స్పీకర్లలో మోత వస్తుందని ప్రతి డ్రైవర్‌కూ తెలుసు. అర్బాబ్‌కు కూడా తెలుసన్నమాట! ఆయన మీద గౌరవం పెరిగింది.

బర్కాలో మా ఊరివాడే మల్లేశం బావ ఒక గ్యారేజీలో మెకానిక్. బండి అక్కడికి తోలాను.

“బావా, ఆల్టర్నేటర్ల రాక్ ఉన్నదట. అర్బాబే చెప్పిండు.”

“రాక్ అంటే రాయి గదరా! గండ్లకు రాయెట్ల పోతది?”

“గది నన్నడుగుతవేంది? నువ్వు గద మెకానిక్‌వు!”

బావ బానెట్ ఎత్తి, ఆల్టర్నేటర్ ఊడదీసి, చంటిపిల్లాడి చేతిలో గిలక్కాయలా చెవి దగ్గర ఊపి చూశాడు. రాయి లేదు. మళ్ళీ బిగించి రేడియో పెట్టాడు. హిందీ పాట తేనెలా వచ్చింది. ఫోన్ కలిపి మన పాట పెట్టాడు. అదీ తేనే. తర్వాత సీడీ పెట్టాడు. గర్ర్ర్! బావ రెండడుగులు వెనక్కి దూకాడు.

“అరే, పెట్టె మంచిగనే ఉన్నది. రోగం గీ బిళ్ళలల్లనే ఉన్నది. ఎన్నేండ్ల సంది కడగలేదో! దుమ్ము పట్టి గట్ల బొంగురుపోయింది.”

ఆ మాట నాకు ఎంత సబబుగా తోచిందో చెప్పలేను. ఎడారి దేశం, పాత సీడీలు, దుమ్ము పట్టక ఏమవుతుంది? అమెరికా నుంచి వచ్చే ఆ బెన్ ఈ బొంగురు విని, మా అర్బాబ్ గురించి ఏమనుకుంటాడు? పరువు నా చేతిలో ఉంది. నవ్వకండి. మీరైనా అంతే చేసేవారు. చేయరా? సరే, నేను చేశాను.

ఇంటికి రాగానే వంటగది వెనక పంపు దగ్గర కూర్చున్నాను. ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు, సబ్బు, మాడిన గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు. మెరిసే వైపే ఎక్కువ తోమాను, ఎందుకంటే పాట ఉండేది అటేనని బావ చెప్పాడు. మొదటి సీడీ రెండో వైపు ఎవరో పిల్లలు నల్ల మార్కర్‌తో పిచ్చి గీతలు గీశారు. సబ్బుకు పోలేదు. శానిటైజర్ పోసి, గోరు అరిగేలా రుద్దాను. అద్దంలా మెరిసింది. నా ముఖం నాకే కనిపించింది. ఆ ముఖంలో ఎంత తృప్తి!

ఐదింటినీ బెజ్జాల్లోంచి తాడు దూర్చి, తీగ మీద వేలాడదీసి, దూరంగా నిలబడి మురిసిపోతుంటే, ఇంట్లో వంట చేసే లక్ష్మీదేవక్క బయటికొచ్చింది. కడప జిల్లా మనిషి. ఆ ఇంట్లో నాకంటే చాలా ముందు నుంచీ ఉంది.

“ఏందబ్బోడా ఇది, పావురాలు రాకుండా కట్టినావా?”

“లేదక్కా, అర్బాబ్ పాటలు. కడిగిన.”

అక్క దగ్గరికొచ్చి మొదటి సీడీని అటూ ఇటూ తిప్పింది. ముఖం తెల్లబోయింది.

“దీని మీది రాతలు యాడబోయినాయిరా?”

“గవ్వా? ఎవలో పోరగాండ్లు గీకిండ్రు. మస్తు కష్టపడి తీసిన.”

“ఓరి నీ పాసుగూల! అయి సంతకాలురా! ఆ పాటలోళ్ళు నలుగురూ పెట్టిచ్చిన సంతకాలు! నేను దుమ్ము తుడిచేదానికి గుడ్డ తగిలిచ్చినా అయ్యగారు వణికిపోతాడు. నువ్వు సబ్బేసి ఉతికినావా?”

ఉన్న వీసా, పోబోయే విమానం, ఊళ్ళో మా నాయన అడగబోయే ప్రశ్నలు, అన్నీ వరుసగా కళ్ళ ముందు తిరిగాయి. మరునాడు పొద్దున్నే అర్బాబ్, బెన్ ఇద్దరూ దిగుతున్నారు.

“అక్కా, గుర్తుంటే చెప్పవా, ఎట్లుండె సంతకాలు?”

“ఒకటి జిలేబీ మాదిరి ఉండె. ఒకటి వానపాము మాదిరి. తక్కినయి నాకు తెల్దు.”

“ఇంగ్లీష్ల సంతకం నాకెట్ల వస్తదక్కా?”

“ఇంగ్లీషెందుకు? మన అక్షరాలు గుండ్రంగా లేవా? వంకరగా గీకు. ఈళ్ళకేం తెలుస్తాది?”

చూశారా, మునిగేవాడికి ఎలాంటి సలహా దొరుకుతుందో! మార్కర్ తెచ్చాను. మొదట నా పేరే రాశాను, రాజేశం. రెండోది లక్ష్మీదేవి. మూడోది మల్లేశం, రోగం కనిపెట్టినవాడికి ఆమాత్రం వాటా ఉండాలి. నాలుగోదానికి బుర్ర ఖాళీ అయిపోయింది. సరిగ్గా అప్పుడే లోపలికి వెళ్ళిన అక్క వంటగదిలోంచి కేకేసింది.

“రాజేశం, రేపు వచ్చేటప్పుడు ఎర్రగడ్డలు తెచ్చేది మర్సిపోవద్దు!”

కడపవాళ్ళకు ఎర్రగడ్డలంటే మన ఉల్లిగడ్డలు. నా చెయ్యి దానంతటదే నడిచింది. నాలుగో సంతకం, ‘ఉల్లిగడ్డలు’.

మరునాడు విమానాశ్రయంలో బెన్ దిగాడు. పొడుగాటి మనిషి, నెరిసిన పిలక, ముఖమంతా నవ్వు. బండి ఎక్కగానే “మొదటి సీడీ పెట్టు” అన్నాడు. పెట్టాను. గర్ర్ మని మొదలై, నేను తోమినప్పుడు పడిన గీత దగ్గర ఇరుక్కుపోయింది. గర్-టక్, గర్-టక్, గర్-టక్. బెన్ తల ఊపాడు. అర్బాబ్ కూడా తల ఊపారు. గర్-టక్, గర్-టక్. ఒక సిగ్నల్ దాటింది. రెండో సిగ్నల్ దాటింది.

“హమద్, ఈ ముక్క ఇంత పొడుగ్గా చేశామా?” అన్నాడు బెన్, అనుమానంగా.

“నాకు ఎప్పుడూ ఈ ముక్కే ఇష్టం” అన్నారు అర్బాబ్.

నేను అద్దంలోకి చూడకుండా బండి నడిపాను. జీవితంలో అంత శ్రద్ధగా రోడ్డును ఎప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక హాల్లో ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బు కాఫీ పెట్టారు. అర్బాబ్ సీడీ బయటికి తీసి, రెండు చేతుల్తో పట్టుకుని, “ఇందులో నీ సంతకం ఏది, గుర్తుందా?” అన్నారు. బెన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. చూశాడు. తిప్పి చూశాడు. తల గోక్కున్నాడు. పాపం, మర్యాదస్తుడు. స్నేహితుడు అన్నేళ్ళు దాచుకున్న వస్తువు మీద తన సంతకమే గుర్తులేదని ఎలా అంటాడు?

“ఇదే అనుకుంటా” అని వేలు పెట్టాడు. “అవును, ఇదే. అప్పట్లో ఇలాగే పెట్టేవాణ్ణి.”

వేలు పెట్టింది ఉల్లిగడ్డల మీద.

కప్పులు తీయడానికి వచ్చిన లక్ష్మీదేవక్క వంగి చూసింది. ఆమెకు చదువొచ్చు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పళ్ళెం కదిలింది, తర్వాత కప్పులన్నీ గలగలమన్నాయి. చీర కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. “ఎర్రగడ్డలు! అయ్యో దేవుడా, ఎర్రగడ్డలు!” అంటూ నేల మీద కూర్చుండిపోయింది.

ఇక దాచడానికి ఏముంది? అంతా చెప్పాను. ఆల్టర్నేటర్ దగ్గర మొదలుపెట్టి, పీచు రంగుతో సహా చెప్పాను. అర్బాబ్ సీడీని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో నెమ్మదిగా తడిమారు. “అక్కడ నాకు ఎవరూ తెలియని రోజుల్లో, వీళ్ళు పేరు అడిగి మరీ ఇచ్చారు రాజేశ్” అన్నారు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

అప్పుడు బెన్ అడిగాడు, “ఇంతకీ నా సంతకానికి అర్థం ఏమిటి?”

అర్బాబ్ నా వైపు చూశారు. నేను చెప్పాను. ఆయన ఇంగ్లీషులో చెప్పారు. బెన్ సోఫాలోంచి జారి, పొట్ట పట్టుకుని దొర్లాడు. అతన్ని చూసి అర్బాబ్ కూడా, ఎంత ఆపుకున్నా ఆగక, నవ్వారు. నవ్వుతూనే నన్ను బర్కాలోని తన ఖర్జూరపు తోటకు పంపారు. “అక్కడ చెట్లను కడుక్కో” అన్నారు.

తోటలో కాయలు కోసి, గంపలు మోసి, పండ్ల కాలం ముగిసేదాకా ఉన్నాను. ఒకరోజు పిలుపొచ్చింది. అజైబా వెళ్ళేసరికి అర్బాబ్ బల్ల మీద అమెరికా పార్శిల్ ఉంది. బెన్ వాళ్ళమ్మ అటక మీద అదే మొదటి సీడీ ఒకటి దొరికిందట. తలా ఓ ఊళ్ళో ఉన్న నలుగురి దగ్గరికీ బెన్ తీసుకెళ్ళి, సంతకాలు పెట్టించి పంపాడు. ఒకటి జిలేబీ. ఒకటి వానపాము. మూడోది గొంగళిపురుగు. నాలుగోది, వెళ్ళేముందు మా సీడీకి తీసుకున్న ఫోటో చూసి ఎంత సాధన చేశాడో ఏమో, ఒకటో తరగతి పిల్లాడి దస్తూరీలో, అచ్చ తెలుగులో, ‘ఉల్లిగడలు’.

అర్బాబ్ కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. “చూశావా రాజేశ్? ఎంత ప్రేమో!”

నేను చూశాను. ‘డ’ కింద వత్తు లేదు. పాపం, ఆఖర్లో మరిచిపోయాడు. నా చెయ్యి మెల్లగా బల్ల మీది మార్కర్ వైపు పాకింది.

“రాజేశం!” అని వంటగది గుమ్మంలోంచి లక్ష్మీదేవక్క కేక.

చెయ్యి వెనక్కి తీసి రెండో చేతితో గట్టిగా పట్టుకున్నాను. ఆ నిమిషాన, వంట చేసే అక్క సాక్షిగా, బర్కా బావ మీద ఒట్టేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరి పాటకూ నీళ్ళు పోయను, ఎవరి సంతకంలోనూ తప్పులు దిద్దను. ఆ వత్తు లేని ఉల్లిగడలు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు, అది వేరే సంగతి.