ఆలస్యంగా అందుకున్న గొంతు

మా చిన్నత్త ఇల్లు తుడియలూరులో పంపుల వర్క్‌షాపు మీది మేడ. పొద్దున లేతు మిషన్లు మొదలైతే ఇనుము ఇనుమును కొరికే చప్పుడు గోడల్లోకి ఎక్కుతుంది. కంప్యూటరు ముందు కూర్చుని పాఠాల వీడియోలు చేసి బతికేదాన్ని, నాకు చప్పుడంటే పగ. అయినా మైకూ కంప్యూటరూ మోసుకుని ఆ ఇంటికే వెళ్ళాల్సి వచ్చింది.

అత్తకు థైరాయిడ్ గడ్డ. ఆపరేషన్ ఖాయమైంది. తర్వాత గొంతు ఉంటుందో ఉండదో చెప్పలేమని డాక్టరు ముందే అనేశారు. ఇంటి దేవతకు పొంగలి పెట్టే రోజున దీపం ముందు పాడే పాట ఇక ఆమె ఒక్కతెకే వచ్చు. అది ఎక్కడా రాసి లేదు. మా వాళ్ళకు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, రాసేదెవరు? అందుకే ఆమె గొంతులోనే రికార్డు చేసి పెడదామనుకున్నాను.

ఆ పాటకు ఒక కట్టుబాటు ఉంది. ఒకరు వరుస ఎత్తుకోవాలి, ఇంకొకరు ఆ వరుస చివరి మాటను వెనక అందుకోవాలి. అందుకునే గొంతు లేకుండా తర్వాతి వరుసకు పోకూడదు. ఇద్దరూ ఆ ఇంట పుట్టిన ఆడపిల్లలే అయ్యుండాలి. చిన్నత్త ఎత్తుకునేది, మా పెద్దత్త అందుకునేది. పెద్దత్త చనిపోయాక మా ఇంట్లో పొంగలి పొంగుతూనే ఉంది కానీ పాట లేదు. నేనూ ఆ ఇంట పుట్టినదాన్నే కదా, నేను అందుకుంటానన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"నీకు వరస తెలీదు కన్నూ. నువ్వు తప్పుగా అందుకుంటే నా నోట్లోది కూడా పోతాది. ఒంటిగానే పాడి చూస్తా, దేవత మన్నిస్తాది."

మొదట్లో కంప్యూటరు నన్ను ఏడిపించింది. అత్త పాడుతుంటే మధ్యలో టిక్కుమనేది, మాటలో ఒక ముక్క మాయం. వైఫై ఆపాను. కరెంటు ఆదా చేసే సెట్టింగు తీసేశాను. మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె వైరును మధ్యలోని హబ్బులోంచి పీకి నేరుగా కంప్యూటరుకే గుచ్చాను. ఊహూఁ. అటు అత్త కూడా ఒక్కో వరుస చివర ఆగి, అందుకునేవాళ్ళు లేక, ముందుకు సాగలేక నీళ్ళు నములుతోంది.

చివరికి బఫర్ పెంచాను. బఫర్ అంటే కంప్యూటరు శబ్దాన్ని పట్టి ఉంచుకునే తొట్టి. తొట్టి పెద్దదైతే ధార తెగదు, కానీ నిండేదాకా ఆగాలి. లేతు చప్పుడును వడకట్టే సాఫ్ట్‌వేర్ దానికి ఇంకాస్త ఆలస్యం కలిపింది. గొంతు తెగడం ఆగింది కానీ, అత్త పాడినది ఆమె హెడ్‌ఫోన్‌లోకి ఒక క్షణం వెనకగా చేరుతోంది. ఆ సంగతి తర్వాత చూద్దామని పాడమన్నాను.

అత్త ఒక వరుస పాడి ఆగింది. హెడ్‌ఫోన్‌ను రెండు చేతులా చెవులకు అదుముకుంది. ఆ తర్వాత రెండో వరుస ఎత్తుకుంది, మూడోది, నాలుగోది. ప్రతి వరుస చివర ఆగి, తల ఊపి, ముందుకు పోతోంది. గుక్క తిప్పుకోవడానికి ఆగినప్పుడు నావైపు చూసి అంది.

"అక్క ఎప్పుడూ ఇట్లనే. కొంచం లేటుగానే అందుకునేది."

మిట్టమధ్యాహ్నం, కింద భోజనాలకని లేతులు ఆపేశారు. నేను పగబట్టిన చప్పుడు మళ్ళీ మొదలైతే బాగుండుననిపించింది. భయమేస్తే నేను పనిలో పడతాను. ఇదంతా ఆలస్యం చేస్తున్న మాయ, సరిచేస్తే పోతుంది అనుకుని మైకు పెట్టె మీది మీట నొక్కాను. అది నొక్కితే గొంతు కంప్యూటరులోకి వెళ్ళి తిరిగి రాకుండా తిన్నగా చెవికి చేరుతుంది.

అత్త ఒక వరుస పాడి ఆగింది. ఎదురుచూసింది. హెడ్‌ఫోన్ తీసి, లోపల ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"అక్కను యాడికి పంపిస్తివి?"

"అది పెద్దత్త కాదు అత్తా, మీ గొంతే. కంప్యూటర్లో లేటుగా వచ్చినాది, అంతే."

"నా గొంతు నాకు తెలీదా? మళ్ళా పిలువు."

నేను ఎవరితోనైనా వాదించే మనిషిని. ఆ మధ్యాహ్నం అంతకు మించి వాదించలేదు. మీట వెనక్కి నొక్కి, పోగొట్టిన ఆలస్యాన్ని తెచ్చిపెట్టాను. అత్త పాట చివరిదాకా పాడింది.

పీలమేడులో మా ఇంటికి వచ్చాక ఆ ఫైలు విన్నాను. అందులో ఉన్నది ఆమె గొంతు ఒక్కటే. వెనక గొంతు ఆమె చెవిదాకానే వెళ్ళింది, రికార్డులోకి రాలేదు. వరుసకూ వరుసకూ మధ్య ఖాళీలున్నాయి. కంప్యూటరు చేసే ఆలస్యం ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటుంది. అత్త ఆగిన చోట్లు మాత్రం ఒకే కొలతలో లేవు. కొన్నిచోట్ల చటుక్కున కదిలింది. కొన్నిచోట్ల, అవతలి మనిషి సాగదీస్తుంటే ఓపిక పట్టినట్టు, చాలాసేపు ఆగింది. ఒక ఖాళీలో నవ్వింది కూడా. ఆ పాటలో నవ్వాల్సిందేమీ లేదు. మిగతాది నేను గది తలుపు తెరిచి పెట్టుకుని విన్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషి దక్కింది, గొంతు గుసగుసకు దిగిపోయింది. పొంగలి రోజున అత్త కంప్యూటరును దీపం ముందు పెట్టమంది. అందులోంచి అత్త పోగొట్టుకున్న గొంతు మొదటి వరుస ఎత్తుకుని ఆగింది. పక్కన కూర్చున్న అత్త నా మోకాలి మీద తట్టింది.

"నా నోట్లోది ఇంక పోదు కన్నూ. నువ్వు అందుకో."

ఒక క్షణం వెనకబడే అందుకున్నాను. ఆ ఖాళీలో నా మాట సరిగ్గా పట్టింది. తర్వాతి ఖాళీలోనూ అంతే. ఎక్కడ తొందరగా ముగించాలో, ఎక్కడ సాగదీయాలో ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోతోంది. అది నాకు సంతోషంగా లేదు, భయంగా ఉంది. ఆపాలనుకున్నా గొంతు ఆగలేదు. అలా పోతూ పోతూ ఒక మాట దగ్గర తడబడ్డాను.

కంప్యూటర్లో అత్త నవ్వింది.

పక్కనున్న అత్త నవ్వలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వినీవినపడని గొంతుతో అంది.

"అక్క కూడా ఆడనే తడబడేది."