చెంబు చప్పుడు

మీకక్కడ జ్వరమంటే నాకు ఆవిడే గుర్తొస్తుందర్రా. ఉప్పెన పోయాక కోడూరులో ఇంటింటా జ్వరాలే. మా పక్కింటి ముసలత్త వెల్లుల్లి నూరి రోగి అరికాళ్ళకి పట్టించేది. కాసేపాగి నోటి దగ్గర వాసన చూసేది. ఊపిరిలో వెల్లుల్లి తగిలితే "వచ్చింది, బతుకుతారు" అనేది. తగలకపోతే మాట్లాడకుండా లేచెళ్ళి చేతులు కడుక్కునేది. ఆ చెంబు చప్పుడంటే ఊరంతా హడల్.

పసిపిల్ల మీ అమ్మకి జ్వరమొచ్చినప్పుడు నేను చెంబే దాచేశాను. అత్త నవ్వి, "వచ్చిందిలేవే పిచ్చిదానా, చెంబు తీసుకురా" అంది.

ఆ తర్వాతి వేసవిలో అత్తే మంచం పట్టింది. నేనే వెల్లుల్లి పట్టించి, వంగి వాసన చూశాను. ఏమీ లేదు.

"వచ్చిందత్తా" అన్నాను.

నా మొహంలోకి చూసింది.

"చెంబు గుమ్మం పక్కనే ఉందమ్మాయ్. వెళ్ళి కడుక్కో."