నాపరాళ్ళ తొట్టి

పద్దెనిమిదేళ్ళు పరాయివాళ్ళ లారీలు తోలాను. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే, అందులో రెండు రోజులు నిద్రే. అప్పుడు మా ఆవిడ, "చుట్టం పడుకున్నాడు, చప్పుడు చెయ్యమాకండి" అని పెరట్లో కోళ్ళను అదిలించేది. పోయినేడు ఒకరోజు నేను సంచి సర్దుకుంటుంటే మాత్రం వేళాకోళమాడలేదు.

"ఇంక చాలయ్యా. ఏదో ఒకటి చేసుకుని ఇంటికాడ ఉండు" అంది.

ఆ ఏదో ఒకటి నాకు మాచర్లలో ఒక షెడ్డు వెనక కనిపించింది. పాత పికప్ బండి. సామాను వేసే తొట్టి అడుగంతా తుప్పుకు జల్లెడైపోయింది. సీటులోంచి స్ప్రింగులు బయటికి తొంగిచూస్తున్నాయి. ఇంజను మాత్రం మంచిదే. తెచ్చి ఇంటి ముందు పెట్టి, లారీ ఓనరును రెండు నెలలు సెలవడిగాను. ఈలోగా బండి బాగై రవాణా ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్ష పాసయితే చుట్టుపక్కల ఊళ్ళ మిర్చి బస్తాలు తోలుకుంటూ ఇంటిపట్టున ఉంటాను. కాకపోతే మళ్ళీ లారీ ఎక్కుతాను.

మెకానిక్కును ఇంజనూ బ్రేకులూ దాటి రానివ్వలేదు. మిగతా పనంతా నాదే. సగం ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను, మిగతా సగం నాకే తెలుసనుకున్నాను. సీటులో మా చేలో పండిన పత్తి గింజతో సహా కుక్కితే, వారం తిరక్కుండా ఎలుకలు అందులో కాపురం పెట్టాయి. మా ఆవిడ అదంతా పీకేసి పాత బొంతలు మడిచి కుట్టింది. వాటి మీద కూర్చుంటే హాయిగానే ఉండేది. పైకి మాత్రం పత్తే బాగుండేదన్నాను.

ఇక తొట్టి అడుగు. ఇనప రేకు కొనడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. చెక్కలు వేయించమంది మా ఆవిడ. చెక్కలు మాత్రం ఊరికే వస్తాయా? మా వైపు నేలకు నాపరాయి, అరుగుకు నాపరాయి, దొడ్డి చుట్టూ పాతేది కూడా నాపరాయే. ఇల్లు కట్టగా మిగిలినవి నాలుగు గోడకు ఆనించే ఉన్నాయి. తుప్పు పట్టవు, చెదలు పట్టవు, కడిగితే అద్దంలా ఉంటాయని నేను ఉపన్యాసం ఇస్తుంటే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని వింది.

"అది బండయ్యా, వసారా కాదు" అంది.

"నీకేం తెలుసే బళ్ళ సంగతి?"

"తెలవదులే. కానీయ్."

ఆమె అంత తేలిగ్గా వదిలేసినప్పుడే నాకు అనుమానం రావలసింది.

రాళ్ళు పరిచి సందుల్లో సిమెంటు కూరాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎదురింటి పిన్ని చెట్టునీడన ఉన్న తొట్టిలోకెక్కి, కొంగు పరుచుకుని పడుకుంది.

"చానా చల్లంగా ఉందబ్బాయ్. గోడలెప్పుడు లేపుతున్నావు?" అంది, కళ్ళు తెరవకుండానే.

ఒళ్ళు మండింది. చల్లగా ఉందన్న మాట మాత్రం లోలోపల నచ్చింది.

ఫిట్‌నెస్‌కు నరసరావుపేట బయల్దేరుతుంటే మా ఆవిడ కూడా ఎక్కి కూర్చుంది. బండి దారంతా నిండు చూలాలిలా నడిచింది. అక్కడ ఆమెను రవాణా ఆఫీసు గేటు దగ్గర దించాను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు నా పక్కన కూర్చుని కొంచెం దూరం తోలించి, ఉన్నట్టుండి "తొక్కు" అన్నాడు. తొక్కాను. బండి ఆగింది. రాళ్ళు ఆగలేదు. సిమెంటు పటపట ఊడిపోయి, ముందు రాయి వచ్చి మా వీపుల వెనక ఢామ్మని గుద్దింది. ఆయన దిగి తొట్టిలోకి తొంగిచూశాడు.

"గృహప్రవేశం అయిందా?" అన్నాడు.

"ఇంకా లేదు సార్" అన్నాను.

"బస్తాలు కూడా వేస్తే నువ్వు మిగలవు. ఇవన్నీ తీసేసి, సరైన అడుగు బిగించుకుని రా. అప్పుడు చూస్తా."

సెలవు ఇంక మూడు రోజులే ఉంది. గేటు బయట బండి ఆపి, మా ఆవిడ మొహం చూడలేక, ఓనరుకు చెప్పేద్దామని ఫోను తీశాను.

"ఫోను జేబులో పెట్టు" అంది. తలుపు తీసి, సీటు వెనక చెయ్యి పెట్టి, గోనెపట్టాలో చుట్టిన గడ్డపార లాగింది. "పక్క సందులో కలప అడితి ఉంది. నిన్ననే ఫోనులో కొలతలు చెప్పి చెక్కలు కోయించి పెట్టించా. దిగు, రాళ్ళు తీద్దాం."

"పాసవదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నేను చెప్తే ఇంటావా? సారు చెప్తే ఇంటావు."

ఎంత ఉక్రోషం వచ్చిందంటే, మొదటి రెండు రాళ్ళూ నేనొక్కణ్ణే దించాను. మూడోదానికి నడుం పట్టేసి ఆమెనే సాయం పిలిచాను. అడితిలో చెక్కలు బోల్టులేసి బిగించారు. సాయంత్రం ఇన్‌స్పెక్టరు మళ్ళీ బ్రేకు తొక్కించి, తొట్టిలో ఏదీ కదలలేదని చూసుకుని పాస్ చేశాడు.

ఆ మాట చెప్పగానే మా ఆవిడ కొత్త చెక్కల మీదికెక్కి కూర్చుని, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పద్దెనిమిదేళ్ళలో నేను వెళ్తుంటే ఒక్కసారి కూడా కళ్ళు తడిచేసుకున్న మనిషి కాదు. నేను పోతేనే దీనికి సుఖమేమో అనుకుని, ఎన్నో రాత్రులు ఆ కోపంతోనే లారీ తోలాను.

"ఎప్పుడూ ఏడవందానివి, ఇప్పుడేందే? పాసయింది గదా!" అన్నాను.

"నువ్వు పోయేటప్పుడు ఏడిస్తే, అదే తలుచుకుంటా తోలతావని ఏడవలా" అంది. "ఇప్పుడు యాడికీ పోవుగా."

నేను తొట్టిలోకెక్కి ఆమె పక్కన కూర్చున్నాను.