ఆదివారం ఫోన్లు ఎత్తినవాడు

అందరూ కులాసాగా ఉన్నారా? నల్లమాడ పిల్ల నాయనకు నడుము నొప్పి తగ్గిందా? కొత్తచెరువు అక్కచెల్లెళ్ళ అమ్మకు జ్వరం విడిచిందా? పెనుకొండ హాస్టల్లో మీ ఆడపిల్లలంతా బాగున్నారు, ముందు ఆ మాట చెప్పాలి. నాకే మనసు బాగాలేదు. మన ఫోన్లు చూసే మెకానిక్ పోయిన వారం గురువారం ధర్మవరంలో గుండెనొప్పి వచ్చి చనిపోయాడు.

నేను ఇక్కడ ఆయాను. మూడో తరగతిలో బడి మానేశాను. హాస్టలుకు వచ్చే ఫోను ఒక పెట్టెలోంచి గదులకు పోతుంది. సాయంత్రం ఐదు దాకా ఆఫీసులో మోగాలి, ఐదు దాటితే, ఆదివారమైతే రోజంతా, నా గదిలో మోగాలి అని ఆ పెట్టెకు వేళలు నేర్పింది ఆయనే. పొడుగు నంబర్లు నాకు తడబాటని, ఒక్క మీట నొక్కితే డాక్టరుకు, ఇంకో మీటకు ఆటో అతనికి పోయేలా చేశాడు. పిల్లల దగ్గర బొట్టుబిళ్ళలు అడిగి గుర్తుకు అంటించాడు. డాక్టరుకు ఎర్రది, ఆటోకు పచ్చది.

నాకు అనుమానం ఎక్కువ. పని చేస్తుందో లేదోనని రోజూ సాయంత్రం ఎర్రది నొక్కేదాన్ని. డాక్టరు వారం రోజులు ఓర్చుకుని, తర్వాత కసురుకున్నాడు. మెకానిక్ నవ్వి, ఇంకో మీటకు తన నంబరు ఎక్కించి నల్ల బిళ్ళ అంటించాడు.

"నంబర్లు మతిలో పెట్టుకునేది పెట్టె పని, భయపడేది నీ పని. భయమైతే నాకు కొట్టవ్వా" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను నొక్కితే హలో అనేవాడు కాదు. "పని చేస్తాండాది లేవ్వా" అనేవాడు.

ఒక ఆదివారం నేను చర్చికి పోయినప్పుడు, ఒక పిల్ల వాళ్ళవ్వ చివరి ఘడియల్లో ఉందని ఇంటివాళ్ళు ఫోను చేశారు. ఖాళీ గదిలో మోగి మోగి ఆగిపోయింది. పిల్ల ఊరు చేరేసరికి మట్టి చేసేశారు. ఇక ప్రార్థనకు పోనే పోనన్నాను. ఆయన పెట్టె తెరిచి, ఆదివారం వచ్చే ఫోన్లు తన సెల్లుకే పోయేలా పెట్టుకున్నాడు. "నువ్వు పో అవ్వా, నేను ఎత్తుకుంటా" అన్నాడు. నాలుగేళ్ళు ఎత్తాడు. అర్జెంటు అయితే చర్చి ఎదురుగా ఉన్న అంగడికి ఫోను చేసి నన్ను పిలిపించేవాడు. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన పోయిన దుఃఖంలో నాకు అది తట్టనే లేదు. మొన్న ఆదివారం అమరాపురం అన్న హాస్టలుకు ఫోను చేస్తే చావింట్లో మోగింది. ఆయన భార్య ఎత్తి ఏడ్చిందట. తన బిడ్డకే ఏదో అయిందనుకుని ఆ అన్న సోమవారం మొదటి బస్సుకే వచ్చేశాడు. "నా బిడ్డ యాడ?" అన్నాడు. బిడ్డ ఉగ్గాని తింటోంది. చూసి బిడ్డ పక్కనే కూర్చున్నాడు. అప్పుడు వార్డెనమ్మకు అంతా చెప్పాను. తిట్టలేదు. నువ్వే రాయి, మీ అందరి గ్రూపులో పెడతానంది.

హిందూపురం నుంచి వేరే మెకానిక్ వచ్చాడు. పెట్టె పాస్‌వర్డు పోయినాయనకే తెలుసట. అన్నీ చెరిపి మొదటి నుంచి ఎక్కించాలట, వచ్చే వారం గాని కాదట. ఈలోగా ఎవరికి ఏ కబురు వస్తుందోనని నాకు అన్నం పోవడం లేదు. దిక్కు తోచక నల్ల బిళ్ళ నొక్కాను. ఆయన భార్య ఎత్తింది.

"ఫోను ఆపేయమంటాండారవ్వా, నాకు చేతులు రాలేదు. ఫొటో కాడ పెట్టి చార్జింగు పెడతానే ఉండా. మోగితే ఎత్తాలంటే మాత్రం భయమైతాంది" అంది.

ఈ వారం నేను చర్చికి పోను. మీరెవరు ఫోను చేసినా ఆ ఫొటో పక్కన కూర్చుని నేనే ఎత్తుతాను. పొద్దున రైలుకు ధర్మవరం వాళ్ళింటికి పోతున్నాను, ఎల్లుండి ఆదివారం, ఆయన పదకొండో దినం నాడు.