బషీర్ చాచా ఓవర్‌లోడ్

నార్కట్‌పల్లి చౌరస్తాలో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముకునేవాణ్ని నేను. బషీర్ చాచాకు పదేళ్ల నాటి కంప్యూటర్ అంటగట్టింది కూడా నేనే. కాబట్టి ఈ కథలో తప్పంతా ఆయనదేనని నేనంటే, కొంచెం తగ్గించుకుని వినండి.

చాచా ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. అందులో ఇరవై రెండేళ్లు పక్కన క్లీనరుగా ఉన్నది చంద్రయ్యే. లారీ యజమాని సేటు పది టన్నుల బండికి పదిహేను టన్నులు ఎక్కించినప్పుడల్లా చాచా లోడింగ్ దగ్గరే నిలబడి, "బండికి నోరు లేదని ఎక్కిస్తున్నవా సేటూ? నువ్వు మనిషివేనా?" అని అరిచేవాడట. శ్రీశైలం ఘాట్‌లో ఇంజను మొరాయించిన రోజు ఆయన తిట్టిన తిట్లు లారీ అడ్డాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తరవాత షుగరు ముదిరి, కాళ్లు తిమ్మిరెక్కి, స్టీరింగ్ వదిలేశాడు. అదే ఏడు చంద్రయ్య పక్షవాతంతో దేవరకొండలో మంచం పట్టాడు.

"ఉస్తాద్, నీ పక్కన గూసోని ఒక్కపారి ఘాట్ ఎక్కాలని ఉందే," అన్నాడట చంద్రయ్య ఫోన్‌లో. చాచా మర్నాడే నా దుకాణానికి వచ్చాడు.

ఆ పాత కంప్యూటర్ ఆయన ఇంట్లో పెట్టి, లారీ నడిపే ఆట ఒకటి అందులో వేశాను. ఇక్కడ చాచా ఆడుతుంటే అక్కడ చంద్రయ్య ఫోన్‌లో లైవ్‌గా కనబడుతుంది. ఆ ఆటలోది ఏ దేశం ఘాటో నాకు తెలియదు గానీ, చాచా దానికి శ్రీశైలం ఘాట్ అని పేరు పెట్టేశాడు. బొమ్మ ఎంత నాణ్యంగా పంపాలో సెట్టింగుల్లో అడిగింది.

"చాచా, 480 చాలు. ఇది పాత బండి. చంద్రయ్య ఇంట్లో సిగ్నల్ కూడా అంతంతమాత్రమే," అన్నాను.

"నా చంద్రయ్యకు సస్తా మాల్ పంపిస్తవా? పెద్ద నంబర్ పెట్టు. వాన గూడ పెట్టు, నీడలు పెట్టు. చెట్ల మీద ఆకు ఆకు గనపడాలె."

1080 పెట్టాను. అమ్మేవాడికి కొనేవాడి మాట కాదనే ధైర్యం ఎక్కడిది?

మొదటి ఆదివారం చాచా కంప్యూటర్‌కు ఊదు పొగ వేసి బండి తీశాడు. రెండో మలుపుకే లోపలి ఫ్యాను పిండిగిర్నీలా మోగింది. లారీ ఒక అడుగు వేసి ఆగుతుంది, మళ్లీ ఒక అడుగు వేస్తుంది. "ఉస్తాద్, నాకు ఫోన్ల నడుమ ఏదో గుండ్రంగ తిరుగుతాంది. లారీ ఏది?" అన్నాడు చంద్రయ్య ఫోన్‌లో. కంప్యూటర్ వేడెక్కిందని చెప్పి, బొమ్మ బరువు తగ్గించమని బతిమాలి వచ్చాను.

రెండో ఆదివారం వెళ్లేసరికి చాచా తన పద్ధతిలో వేడి తగ్గిస్తున్నాడు. డబ్బా మూత ఊడదీసి, రేడియేటర్ మీద కప్పినట్టే తడి గోనెసంచి కప్పబోతున్నాడు. ఎగిరి లాక్కున్నాను. నా ప్రాణం పోయినంత పనైంది. సంచి తప్పింది గానీ చాచా బరువు తగ్గించలేదు, సగం ఘాట్‌లో కంప్యూటర్ కన్ను మూసింది.

"గిసొంటి డబ్బా అమ్ముతవారా నాకు?" అని చాచా నా మీదికి లేచాడు.

"పోనీ తియ్యి ఉస్తాద్," అంది ఫోన్‌లోంచి చంద్రయ్య గొంతు. "ఘాట్ ఎక్కుడు ఇగ నాకు రాసిపెట్టి లేదు."

అప్పుడు వంటింట్లోంచి చాచా భార్య అజీజా బేగం వచ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి, నా ముందు మాత్రం తెలుగులోనే తిడుతుంది, నాకూ అర్థం కావాలని.

"డబ్బాదేం తప్పు? పది టన్నుల బండికి పదిహేను టన్నులు ఎక్కించినోన్ని ఏమని తిట్టేటోనివి నువ్వు? లారీ పోయినంక ఇంట్ల గూసోని సేటువైనవ్ గదా!"

ముప్పై ఏళ్లుగా సేటును అడిగిన ప్రశ్న ఇప్పుడు తిరిగి చాచాకే తగిలింది.

"దించు బిడ్డా," అన్నాడు, కుర్చీ నాకు వదిలి.

వాన దించాను. నీడలు దించాను. చెట్లన్నీ దించాను. 1080ని 480 చేశాను. ఒక్కొక్కటి తీస్తుంటే చాచా ముఖం చూడలేకపోయాను.

మూడో ఆదివారం లారీ ఎక్కింది. కొండలు మట్టిముద్దల్లా ఉన్నాయి గానీ బండి మాత్రం ఆగలేదు. బొమ్మ చంద్రయ్యకు చేరడానికి కాస్త ఆలస్యమవుతుందని, చాచా ప్రతి మలుపులో లారీ ఆపి ఫోన్‌లో అడుగుతున్నాడు.

"చంద్రయ్యా, ఎడమ దిక్కు?"

"ఖాళీ ఉంది ఉస్తాద్. రానీ, రానీ!"

చాచా ఎడమవైపు చూడనేలేదు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ చూడలేదు, అది చంద్రయ్య పని. మంచంలోంచి వచ్చే ఆ కేక వింటుంటే, సిగ్గెందుకు, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఏడో మలుపులో కూడా చంద్రయ్య "రానీ, రానీ" అన్నాడు. చాచా రానిచ్చాడు. లారీ ఎడమవైపు లోయలో పడింది.

"అరే చంద్రయ్యా, గంత పెద్ద లోయ గనపడలేదారా నీకు?"

"యాడ ఉస్తాద్? మొదటి మలుపు కాన్నుంచి నాకేం గనపడ్తలేదు. అంత బూడిద లెక్కనే ఉంది."

"మరి చెప్పాలె గదరా!"

"చెప్తే నువ్వు మల్ల లోడ్ ఎక్కిస్తవ్," అన్నాడు చంద్రయ్య. "బండి తియ్యి ఉస్తాద్, ఇంక మలుపులున్నయ్."