ఖాళీ బిందెల ముందర నేర్చుకున్న మాట

ఇంటర్వ్యూల్లో ఎట్లా మాట్లాడాలో కాలేజీ పిల్లకాయలకు చెప్పేది నా పని. ఎదుటి మనిషి కండ్లల్లోకి చూడండి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి, మీ మాట మీద నమ్మకం పుట్టించండి అని అనంతపురంలో బోర్డు ముందర నిలబడి చెప్తాంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి, ఇంత బాగా మాట్లాడేది మీరు యాడ నేర్చుకున్నారు సార్ అని అడుగుతారు. వక్తృత్వపు పోటీలని, పేపరు గట్టిగా చదివేవాణ్ణని ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. నేను నేర్చుకున్నది ఒక మండలాఫీసు గేటు దగ్గర. ఖాళీ బిందెలు పట్టుకోనొచ్చిన ఆడవాళ్ళ ముందర. నా నోటికి గురువులు వాళ్ళే. వాళ్ళకు నేను చేసింది తల్చుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

తొంభైల చివర్లో డిగ్రీ అయిపోయి ఖాళీగా తిరుగుతాంటే మా పక్క ఒక మండలాఫీసులో కాంట్రాక్టు పని దొరికింది. ఆ ఏండ్లల్లో వానలు లేవు, బోర్లు ఎండిపోయినాయి. ఊర్లకు తాగేనీళ్ళు ట్రాక్టరు ట్యాంకర్లతో తోలేవాళ్ళు. ట్యాంకరు రాకపోతే ఆ ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి గేటుకు అడ్డం కూర్చునేవాళ్ళు. మా ఆఫీసరు కోస్తా మనిషి. మంచివాడే గానీ, నోరు తెరిస్తే జీవో చదివినట్టు ఉండేది. సమస్య మా దృష్టిలో ఉందమ్మా అనేవాడు. అంతే, వాళ్ళకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి వాళ్ళ అరుపులకు బెదిరిపోయి, మీవాళ్ళే కదయ్యా, నువ్వు పోయి మాట్లాడు అని నన్ను ముందుకు తోసినాడు.

పోతిని. నీళ్ళ మాట ఎత్తనే లేదు. ముందర కూర్చున్న ముసలామెను, ఎద్దులు ఉండాయామ్మా, అమ్మేసినారా అని అడిగితిని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కనామె తన ఆవు సంగతి చెప్పింది, ఇంకొకామె చెనిక్కాయ పంట ఎండిపోయిందని చెప్పింది. అందరిదీ విన్నాను. తర్వాత వాళ్ళ తరఫున నేనే ఆఫీసును తిట్టినాను, వాళ్ళకంటే గట్టిగా. తిట్టేకని వచ్చినోళ్ళకు వాళ్ళ తిట్లు నువ్వే తిట్టిపెడితే ఇంక తిట్టేకి ఏమీ మిగలదని ఆపొద్దు తెలిసింది. రేపు పంపిస్తానంటే సరే అప్పా అని లేచిపోయినారు. ఏం మంత్రం వేశావయ్యా అని ఆఫీసరు నా భుజం తట్టినాడు.

అప్పట్నుంచి బిందెలు కనపడితే నన్నే పంపేవాడు. మొదట్లో మాట ఇచ్చినాక డ్రైవరు వెంటపడి, బతిమాలి, ఎట్లో ఒకట్ల ట్యాంకరు తోలించేవాణ్ణి. రానురాను మాట ముందర వచ్చేది, ట్యాంకరు వస్తే వచ్చేది లేకుంటే లేదు. జనం లేచి పోతాంటే చూసేకి భలే ఉండేది నాకు. అదొక మత్తు.

అట్లుండగా ఒకపొద్దు మా అత్త వచ్చింది. మా మేనమామ భార్య. హైస్కూలు చదివిన ఏండ్లన్నీ నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. సంగటి ముద్దలో ఊరుబిండి పచ్చడి పెట్టి, తినేదాకా పక్కనే కూర్చునేది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆపొద్దు వాళ్ళ ఊరి ఆడవాళ్ళందరికీ ముందర, నీలం ప్లాస్టిక్ బిందె చంకలో పెట్టుకుని నిలబడింది.

వాళ్ళ ఊరికి తోలే ట్యాంకరు ఎవరో పెద్దాయన ఇంట్లో పెండ్లికి పోయుండాది. ఎల్లుండిదాకా రాదు. ఆ సంగతి కాంట్రాక్టరు పొద్దున్నే నా మొహం మీదే చెప్పినాడు. లోపల్నుంచి ఆఫీసరు సైగ చేస్తాండాడు. అనంతపురం నుంచి పెద్ద ఆఫీసరు వస్తాండాడు, మధ్యాహ్నం లోపల గేటు ఖాళీ కావల్లని.

ఎప్పటి మాదిరే మొదలు పెట్టినాను. పేరుపేరునా పలకరించినాను, తిట్టినాను, నవ్వించినాను. చివర్న రేపు పొద్దున్నే వస్తాది, నాది పూచీ అన్నాను. అంతసేపూ నా మొహమే చూస్తాండిన అత్త అప్పుడు నోరు తెరిచింది.

"నిజమేనా అల్లుడా? ఇంట్లో బాలింత ఉండాది."

ఆమె కూతురు పురిటికొచ్చుండాదని నాకు తెలుసు. బిడ్డ పుట్టి ఇంకా నెల కాలేదని కూడా తెలుసు.

"నేను చెప్తాండా గదత్తా" అన్నాను.

మావాడు చెప్పినాడు, ఇంక పోదాం పాండి అని అత్త వెనక్కి తిరిగింది. అందరూ లేచిపోయినారు. పెద్ద ఆఫీసరు జీపు దిగేటప్పటికి గేటు ముందర పిట్ట కూడా లేదు. మా ఆఫీసరు నన్ను చూపించి ఈ కుర్రాడేనండీ అంతా చక్కబెట్టేది అన్నాడు. ఊర్లల్లో జనంతో ఎట్లా మాట్లాడాలో సిబ్బందికి నేర్పించే పోస్టు ఒకటి జిల్లాలో ఖాళీ ఉందని, నాలాంటి నోరే కావాలని ఆ పెద్ద ఆఫీసరు అక్కడికక్కడే అన్నాడు. నా బతుకు అక్కడ మలుపు తిరిగింది. సంతోషంతో ఆ పూట నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మరుసటి రోజు ట్యాంకరు సంగతి గుర్తుకు కూడా రాలేదు.

ఆర్డరు చేతికొచ్చినాక స్వీట్లు కట్టించుకుని అత్త వాళ్ళింటికి పోతిని. అత్త కుడిచేతికి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టుండారు. ఏమైందత్తా అంటే బావిలో జారినా అనింది. అంతకు మించి చెప్పలేదు. తక్కినదంతా మరదలు చెప్పింది, పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని.

వాళ్ళ ఊర్లో ఒక అలవాటు ఉండాది. ట్యాంకరు వస్తాందంటే అడుగున మిగిలిన పాత నీళ్ళు గొడ్లకు పోసేసి, బిందెలూ తొట్లూ చింతపండుతో తోమి, వరస కోసం వీధిలో పెట్టుకుంటారు. పాత నీళ్ళలో కొత్త నీళ్ళు కలిస్తే పురుగు పడతాదని వాళ్ళ భయం. అట్లని ఆఫీసు మాట నమ్మి అన్నీ పారబోసుకోరు. ట్రాక్టరు చప్పుడు చెవిన పడేదాకా ఇంటికొక తొట్టి మాత్రం కదిలించరు. ఆపొద్దు ఆ తొట్టి కూడా పారబోసినారు, ఊరు ఊరంతా. పొద్దున్నే ట్యాంకరు రాలేదు. బాలింతకు వేన్నీళ్ళు కావల్ల, బిడ్డ గుడ్డలు ఉతకల్ల. అత్త చేన్ల అవతల దిగుడుబావిలో అడుగూబొడుగూ ముంచుకునేకి పోయింది. నిండు బిందెతో మెట్టు మీద జారింది. మోచెయ్యి విరిగింది.

అప్పుడన్నా నిజం చెప్పిండల్ల. చెప్పకపోగా, తప్పు వాళ్ళదే అన్నట్టు, ఉన్న నీళ్ళన్నీ ఎందుకు పారబోసినారత్తా అని అడిగితిని.

"వేరేవాళ్ళు చెప్పింటే పారబోసేవాళ్ళం కాదప్పా. నువ్వు చెప్పినావు గదా" అనింది అత్త.

గొంతులో కోపం లేదు. ఉండింటే బాగుండేది. ట్యాంకరు దోవలో చెడిపోయిందంట అత్తా అన్నాను. ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట. అత్త ఎడమచేత్తో స్వీటు తుంచుకుని తిని, బాగుండాదప్పా అనింది. ఆ చెయ్యి మళ్ళా సాపు కాలేదు.

నేను మాత్రం పైకి పోతానే ఉంటిని. జిల్లాలో పేరు వచ్చింది, కాలేజీలు పిలిచినాయి. నమ్మకం పుట్టించేది ఎట్లా అనే పాఠానికి పిల్లలు చప్పట్లు కొట్టినప్పుడల్లా చేతులు యాడ పెట్టుకోవల్లో తెలిసేది కాదు నాకు.

కొన్నేండ్లకు అత్త చిన్నకొడుకు డిగ్రీ ముగించినాడు. అత్త వాణ్ణి వెంటబెట్టుకుని అనంతపురం వచ్చింది. నోరుంటేనే బతుకు ఈ కాలంలో, వీనికి నీ మాదిరి మాట్లాడేది నేర్పు అల్లుడా అనింది. ఇంట్లో పెట్టుకుని నేర్పినాను. నిలబడేది, వినేది, కోపంగా ఉన్నోణ్ణి కూర్చోబెట్టేది, అన్నీ. తెలిసినాయనకు ఒక మాట చెప్పి ఇంకో మండలాఫీసులో కాంట్రాక్టు పనిలో చేర్పించినాను. అత్త మొహం ఎంత వెలిగిపోయిందో.

ఆ ఎండాకాలమే వాడు ఫోన్ చేసినాడు.

"బావా, గేటు ముందర బిందెలతో కూర్చునుండారు. ట్యాంకరు ఎల్లుండిదాకా రాదు. రేపొస్తాదని చెప్పి పంపేయమంటాండాడు సారు. ఏం చెప్పల్ల?"

"రాదని చెప్పు. ఉండే నీళ్ళు పారబోసుకోవద్దని చెప్పు."

"తిడతారు బావా."

"తిట్టించుకో."

చెప్పినాడు. వాళ్ళు వాని ఏడు తరాలూ ఏకరువు పెట్టినారు. సాయంత్రందాకా గేటు వదల్లేదు, ఆఫీసరు జీపును బయటికి పోనీలేదు. ఆ ఊర్లో ఎవరూ నీళ్ళు పారబోసుకోలేదు. ఆ సంగతి ఎవరికి కావల్ల? కాంట్రాక్టు ముగిసినాక వాణ్ణి మళ్ళా తీసుకోలేదు. జనంతో మాట్లాడేది చేతకాదు అన్నారంట. ఇప్పుడు వాడు బెంగుళూరులో ఒక గోడౌన్‌లో మూటలు ఎత్తిస్తాండాడు. అబద్ధం చెప్పి నా ఉద్యోగం నిలబెట్టుకుంటిని. నిజం చెప్పల్సి వచ్చేసరికి వాని ఉద్యోగం పణంగా పెట్టి చెప్పిస్తిని. ఎంత సులభంగా అనేస్తినో, తిట్టించుకో అని.

ఇంక తట్టుకోలేక అత్త దగ్గరికి పోతిని. వరండాలో చెనిక్కాయలు వొలుస్తాండాది. వంగిపోయిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తోనే. నేను కింద కూర్చున్నాను. ముందూ వెనకా ఏమీ పెట్టకుండా చెప్పేసినాను.

"అత్తా, ఆపొద్దు ట్యాంకరు రాదని నాకు తెలుసు. తెలిసే చెప్పినా నీకు. నీ చెయ్యి విరిగింది నా వల్లనే."

అత్త వొలిచేది ఆపి నన్ను చూసింది. తిడతాదని కాచుకోనుంటిని. తిడితే బాగుండనిపించింది నాకు. ఆమె కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

"ఊరుకో అల్లుడా. నా కొడుకు నిజం చెప్పి చెడిపోయినాడని నేను బాధపడతానని, నువ్వు అబద్ధం మీదేసుకుంటాండావు. నువ్వు అట్లాటోనివి కాదని నాకు తెలీదా?"

"లేదత్తా, నిజంగానే..."

"చాల్లేప్పా. ఇంత మంచిగా మాట్లాడేది వానికి వచ్చింటే వాని ఉద్యోగం పోయుండేది కాదు" అనింది.

వొలిచిన చెనిక్కాయలు ఎడమచేత్తో దగ్గరికి తీసి, తిను అని నా ముందరికి తోసింది. తిన్నాను.