అన్నీ ఆకుపచ్చవే

ఒబ్దులియాకు చదువు రాదు. రాకపోతేనేం, రియోబాంబా సంతలో ముప్పై ఏళ్లు కాల్చిన పంది మాంసం అమ్మి ఒక్కనాడూ మోసపోలేదు. పక్క బల్ల నాదే. చింబొరాసో కొండ మీంచి తెచ్చిన మంచు చెక్కి, పళ్లరసంలో కలిపి అమ్ముతాను. ఆవిడ గొంతు ముందు నా గొంతు ఎన్నడూ పైకి లేవలేదు. "రా నాయనా, రా, రుచి చూసి పో, నచ్చకపోతే తిట్టి పో!" అని అరుస్తూ, దారిన పోయేవాడి నోట్లో వేడి తునక పెట్టేసేది. తిన్నవాడు కదిలేవాడు కాదు.

కట్టెల పొగకు ఆవిడ కళ్లు సగం పోయాయి. రంగులు మాత్రం మిగిలాయి. మా దేశపు డబ్బు సూక్రె. ఆ నోట్లకు దేని రంగు దానిదే. ఒకదాని మీద తాబేలు, ఇంకోదాని మీద మా పాతకాలపు వీరుడు రుమిన్యావి దొర. నేను వేళ్లు మడిచి లెక్క తేల్చేలోగా ఆవిడ చిల్లర ఇచ్చేసి, పైన కొసరు కూడా వేసేది.

ఆ సూక్రె కాస్తా నా మంచుగడ్డలా కరిగిపోయింది. పొద్దున్న కొన్న ధరకి సాయంత్రం ఏదీ దొరికేది కాదు. రెండు వేల సంవత్సరంలో దొరలు ఇక మన డబ్బు వద్దు, డాలరే మన డబ్బు అన్నారు. మమ్మల్ని అడిగినవాడు లేడు.

పాత నోట్లు మార్చుకోవడానికి ఇద్దరం కలిసే కేంద్ర బ్యాంకుకి వెళ్లాం. ఒబ్దులియా కొత్త నోట్లు ఒక్కొక్కటే కళ్లకి ఆనించి చూసింది.

"అన్నీ ఆకుపచ్చవే కదా నాయనా, ఏది ఏదో ఎట్లా తెలిసేది?" అంది గుమస్తాతో.

"అంకె చూసుకోవాలమ్మా."

"అంకెలు వస్తే నీ కుర్చీలో నేనే కూచునేదాన్ని. డబ్బు చేసేది మీరేగా? ఒక్కోదానికి ఒక్కో రంగు వెయ్యండి, మీ సొమ్మేం పోతుంది?"

ఆ పిల్లాడు నవ్వలేదు, విసుక్కోలేదు. "మేము చెయ్యడం మానేశామమ్మా," అన్నాడు మెల్లగా. "ఎంత చెయ్యాలి, వడ్డీ ఎంత ఉండాలి, అన్నీ అక్కడ అమెరికావాళ్లే చూసుకుంటారు. వచ్చింది పంచడమే మా పని."

"అయితే నువ్వూ నాలాంటోడివే," అని ఒబ్దులియా ఆ నోట్లు ఆ పిల్లాడికే తిరిగిచ్చేసి, బదులుగా డాలరు బిళ్లలు అడిగి తీసుకుంది. పసుపుపచ్చగా మెరిసే బిళ్ల. దాని మీద ఒక ఆడది, వీపున బిడ్డను కట్టుకుని, అచ్చం మా కొండ మీది ఆడవాళ్లలాగే. "ఇది మనావిడేనే తర్హేలియా!" అని నా భుజం తట్టి మురిసిపోయింది.

అప్పట్నుంచి ఆ బిళ్ల తప్ప మరేదీ పుచ్చుకోలేదు. నోటు చూపించిన వాడిని నా దగ్గరికి తోలేది, మార్చుకు రమ్మని. పళ్లెం ఒక బిళ్ల. పంది ధర పెరిగింది, మొక్కజొన్న ధర పెరిగింది. పళ్లెం ధర మాత్రం పెంచలేదు, పెంచితే చిల్లర లెక్కలు రావు కాబట్టి. ముక్కలే చిన్నవయ్యాయి. "ఏమ్మోయ్, ఈ పంది పస్తులుందా?" అని కొనేవాళ్లు ఎగతాళి చేస్తే, "నీ జీతంలాగే చిక్కిందిలే," అనేది. బిళ్లలు మూటగట్టి శనివారం పశువుల సంతకు మోసుకెళ్లి పంది కొనేది. ఒక పంది అమ్మిన డబ్బే ఇంకో పందికి పెట్టుబడి. ఆ గొలుసు తెగితే బల్ల ఖాళీ, బల్ల నాలుగు వారాలు ఖాళీగా ఉంటే సంత కమిటీ వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది.

మరుసటేడు సాన్ పెద్రో పండుగకి హిలారియో వచ్చాడు. ఆవిడ కొడుక్కి జ్ఞానస్నానం నాడు తలమీద చెయ్యేసి నిలబడ్డ మనిషి. అంటే ఆవిడకి ఆయన కొంపాద్రె, ఆయనకి ఆవిడ కొమాద్రె, తోబుట్టువులకన్నా ఎక్కువ. పైన చలికొండల్లో బంగాళాదుంపలు పండిస్తాడు. ఆ ఏడు వాళ్ల ఊళ్లో పండుగ పెత్తనం ఆయనది, ఊరందరికీ విందు పెట్టాలి. నిండు పందిని కాల్పించుకుని, లోపలి జేబులోంచి పది నోట్లు తీశాడు.

"వంద, కొమాద్రె. అన్నీ పదులే. పంటంతా ఒక్కసారే అమ్మేశా."

ఒబ్దులియా తటపటాయించింది. నేను చెయ్యి చాపాను. "ఇటియ్యి, చూస్తా."

నా చేతి మీద ఠపీమని ఒక్కటి వేసింది. "కొంపాద్రె ఇచ్చింది పరీక్ష చేస్తావా? సిగ్గు లేదూ?" ఆ నోట్లు రొమ్ములో దోపుకుంది.

శనివారం పశువుల సంతలో పందుల వ్యాపారి వాటిని పరిచి పెట్టి ఒబ్దులియా ముఖంలోకి చూశాడు. "వీటికి పంది తల కూడా రాదమ్మా. పది ఒకట్లు. పది డాలర్లు."

పక్కనే ఉన్న నాకు ఎవణ్ణి తిట్టాలో తెలియలేదు. బస్సెక్కి హిలారియో ఊరికి పోయాం. ఆయన మమ్మల్ని చూసి పొంగిపోయాడు. ఉడికించిన దుంపలు, జున్ను ముక్క పెట్టాడు. ఒబ్దులియా ఇంకా నోరు విప్పకముందే పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు మూడో తరగతి చదివినదానివి గదమ్మా, చూడు. నలభై పదులుండాలె. విత్తనాలకీ, ఒక ఆవుకీ. సముద్రం వైపు నుంచి ఒకడు లారీ ఏసుకొచ్చి పంటంతా కొన్నాడు. మంచోడు, బేరమాడకుండా కొన్నాడు. మళ్లీ కనబళ్లేదు, పేరన్నా అడగలేదు నేను."

విప్పి చూశాను. ఒకటి. ఒకటి. ఒకటి. కిందిదాకా ఒకట్లే.

"హిలారియో మావా, ఇవి…" అన్నాను.

ఒబ్దులియా నా తొడ గట్టిగా గిల్లింది. నా ఒళ్లోంచి ఒక నోటు తీసుకుని కళ్లకి ఆనించుకుంది. చాలాసేపు చూసింది.

"నలభైయ్యీ ఉన్నాయంటోంది, కొంపాద్రె," అంది. "దాచుకో."

బస్సులో నేను నిప్పులు కక్కాను. ఎందుకు చెప్పనివ్వలేదు, నీ పంది సంగతేమిటి, నీ బల్ల సంగతేమిటి అని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తర్వాతి శనివారం ఆవిడ బల్ల మీద ఏమీ లేదు. అయినా తెల్లారే వచ్చి, బల్ల కడిగి, నా గ్లాసులు తోముతూ నిలబడింది. పదిగంటలప్పుడు హిలారియో వచ్చాడు. విత్తనాల కొట్టు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, కట్ట ఇంకా చేతిలోనే ఉంది. ఖాళీ బల్లను చూశాడు. ఆవిణ్ణి చూశాడు.

"నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"నేనిచ్చినవీ అంతేనా?"

"అంతే."

"మరి ఆనాడే చెప్పొచ్చుగా కొమాద్రె?"

"చెబితే ఏం చేసేవాడివి?" అంది ఒబ్దులియా. "ఆ నలభై కూడా తెచ్చి నా చేతిలోనే పోసేవాడివి."

ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఒబ్దులియా తడిచేతులు గుడ్డకి తుడుచుకుని, ఆయన కూర్చోవడానికి తన పీట జరిపింది.